అలైన్‌మెంట్ కంటే ముందు

వానలు వెనకబట్టాక అలైన్‌మెంట్ సెంటర్ల ముందు కార్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్ళలో చాలామందిది ఒకే ఫిర్యాదు: "బండి ఎడమకి లాగేస్తోంది, ఓసారి అలైన్‌మెంట్ చేసిపెట్టు." కారును మిషను మీదికి ఎక్కిస్తారు. తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు పచ్చగా మారతాయి. డబ్బు కట్టి బయటికొస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ అదే లాగుడు. అప్పుడు మిషన్ను తిడతాం, లేదా ఆ కుర్రాణ్ణి తిడతాం.

చాలాసార్లు తప్పు మిషనుదీ కాదు, కుర్రాడిదీ కాదు. అలైన్‌మెంట్ చక్రాల దిక్కును సర్దుతుంది, అంతే. ఆ చక్రాన్ని పట్టుకున్న కీళ్ళే వదులైపోతే, సర్దిన దిక్కు తర్వాతి గుంతలోనే మారిపోతుంది. అందుకని ముందు వదులు ఎక్కడుందో కనిపెట్టాలి, ఆ భాగం మార్చాలి, అప్పుడు అలైన్‌మెంట్ చేయించాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ వరస గురించే.

ముందుగా కారు కిందికి ఒకసారి తొంగి చూద్దాం. ముందు చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మను నకిల్ అంటారు. దాన్ని మూడు చేతులు పట్టుకుని ఉంటాయి. కింద లోయర్ ఆర్మ్, పైన స్ట్రట్, పక్కన టై రాడ్. లోయర్ ఆర్మ్ చక్రాన్ని అటూ ఇటూ జరగనివ్వదు. స్ట్రట్ కారు బరువు మోస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు కింద అడ్డంగా ఉన్న ర్యాక్ జరుగుతుంది, దాని చివరనున్న టై రాడ్ చక్రాన్ని తోస్తుంది లేదా లాగుతుంది. లోయర్ ఆర్మ్ నకిల్‌ను కలిసేచోట ఒక బాల్ జాయింట్ ఉంటుంది. ఆర్మ్ బాడీని కలిసేచోట రబ్బరు బుష్‌లుంటాయి. టై రాడ్ చివర కూడా బాల్ జాయింటే, దాన్నే మన మెకానిక్‌లు టై రాడ్ ఎండ్ అంటారు. వీటికితోడు చాలా కార్లలో మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా అడ్డంగా ఒక స్టెబిలైజర్ బార్, దానికి రెండు వైపులా లింక్ రాడ్‌లు ఉంటాయి.

స్ట్రట్‌లో స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ రెండూ ఉంటాయి. ఈ రెంటి పనీ ఒకటే అనుకుంటారు చాలామంది. గతుకులో చక్రం పైకి లేచినప్పుడు నొక్కుకుని, మళ్ళీ విచ్చుకునేది స్ప్రింగు. స్ప్రింగు ఒక్కటే ఉంటే ఒకసారి ఊపి వదిలిన ఉయ్యాలలా కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఒకట్రెండు సార్లలో ఆపేది షాక్ అబ్జార్బర్. లోపల ఆయిలు సన్నటి రంధ్రాల గుండా పోతూ ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. కారు ఎత్తు తగ్గిపోయి ఒక మూల కుంగిందంటే స్ప్రింగును అనుమానించాలి. కారు ఊగడం ఆగకపోతే షాక్ అబ్జార్బర్‌ను అనుమానించాలి.

ఈ ఏర్పాటు మన ఊళ్ళకు వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. అంబాసిడర్‌కు ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు ఉండేవి. గ్రీజు నిపుల్స్ ఉండేవి, సర్వీసింగ్ అంటే గ్రీజు గన్ పట్టుకుని ఒక్కో కీలుకూ గ్రీజు కొట్టడమే. స్ట్రట్ పద్ధతిని రూపొందించింది ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. ఇంగ్లండులో ఫోర్డ్ కంపెనీ 1950లో తెచ్చిన కాన్సల్, జెఫిర్ కార్లతో అది పేరు తెచ్చుకుంది. మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో అది ఇంటింటి సంగతైంది. తక్కువ భాగాలు, తక్కువ చోటు, తక్కువ ఖర్చు. అయితే ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి గ్రీజు నిపుల్స్ లేవు. తయారీలోనే గ్రీజు నింపి, పైన రబ్బరు బూటు తొడిగి మూసేస్తారు. అంటే ఆ బూటు చినగనంత కాలమే కీలు బతుకుతుంది. బూటు చినిగితే గ్రీజు బయటికి, మట్టీ నీళ్ళూ లోపలికి. ఆ తర్వాత కీలు అరిగిపోవడానికి ఎన్నో నెలలు పట్టదు. కారు కిందికి చూసే అలవాటున్నవాళ్ళు ముందు చూసేది ఇనుమును కాదు, రబ్బరును. బాల్ జాయింట్ బూట్లు, ర్యాక్ రెండు చివర్లా ఉండే మడతల బూట్లు, ఇంజను శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ బూట్లు. చినిగిన ర్యాక్ బూటు వెంటనే మారిస్తే ఖర్చు వందల్లో పోతుంది. పట్టించుకోకపోతే ర్యాక్ మొత్తం మార్చాల్సి వచ్చి వేలల్లో పడుతుంది.

ఇక బండి ఏం చెబుతోందో విందాం. చప్పుడు ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆధారం. చిన్న చిన్న గతుకుల మీద మెల్లగా పోతున్నప్పుడు ముందువైపు టకటకమంటోందా? ముందు లింక్ రాడ్‌ను చూడండి. దీనికో చిన్న పరీక్ష ఉంది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేట్టు మెల్లగా పోనివ్వండి. తర్వాత ఒక చక్రమే గతుకులో పడేట్టు పోనివ్వండి. రెండోసారే చప్పుడు ఎక్కువైతే అనుమానం లింక్ రాడ్ మీదికే పోతుంది. ఎందుకంటే రెండు వైపులా ఒకేలా లేచినప్పుడు స్టెబిలైజర్ బార్‌కు పనుండదు, తేడాగా లేచినప్పుడే అది మెలితిరుగుతుంది.

గుంతలో పడ్డప్పుడు ధబ్బుమని మొద్దు చప్పుడు వస్తే, బ్రేకు వేసినప్పుడు కూడా ఒకసారి కొట్టుకున్నట్టు ఉంటే, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. నిలిపి ఉన్న కారు స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు మెలిపడి టంగుమని వదిలినట్టు వినిపిస్తే, స్ట్రట్ పైన ఉండే మౌంటు, దాని బేరింగు పట్టేసిందని అర్థం. ఇలాంటి బండిలో మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది నడిమికి రాదు, మనమే తిప్పుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి యూటర్న్ కొడుతుంటే కటకటమంటే అది సస్పెన్షన్ కాదు, డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. వేగంతోపాటు పెరిగే ఘూ అనే మోత, మలుపులో ఎక్కువో తక్కువో అవుతుంటే వీల్ బేరింగు. ఎనభై, వంద కిలోమీటర్ల వేగంలో మాత్రమే స్టీరింగ్ వణుకుతుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి.

మరి ఒక పక్కకు లాగడం మాటేమిటి? ఇక్కడ తొందరపడకూడదు. మన రోడ్లకు నీరు పోవడానికి అంచులవైపు కాస్త వాలు ఉంటుంది. మనం ఎడమపక్కన నడుపుతాం కనుక చేయి వదిలితే బండి కొద్దిగా ఎడమకు జారడం సహజమే. దాన్ని జబ్బు అనుకోవద్దు. నిజంగానే లాగుతోందంటే మొదట టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలన్నది చాలా కార్లలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. గాలి సరిగానే ఉంటే ముందు టైర్లు రెంటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్పించండి. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లకు మాత్రం ఇది చేయకూడదు. మార్చాక లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుదే. కొంతదూరం పెద్దగా బ్రేకు వాడకుండా నడిపి ఆపాక, ఒక చక్రం రిమ్ము రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ పక్క బ్రేకు పట్టేసి ఉంది. ఈ మూడూ కాదని తేలాకే కీళ్ళ జోలికి, అలైన్‌మెంట్ జోలికి పోవాలి.

టైరు అరిగిన తీరు కూడా చదవవచ్చు. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. లోపలి అంచు ఒక్కటే నున్నగా అయిపోతే చక్రాల దిక్కో, వాలో తప్పింది. అరచేత్తో టైరు మీద అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు గరుకుగా తగిలితే అది టో, అంటే చక్రాల దిక్కు, తప్పిన గుర్తు. ఇక్కడొక చిన్న లెక్క. చక్రం తిరగాల్సిన దిక్కు నుంచి 0.25 డిగ్రీ పక్కకు ఉందనుకోండి. కంటికి అసలు కనిపించదు. కానీ కిలోమీటరు పోయేసరికి ఆ టైరు 4 మీటర్లకు పైగా అడ్డంగా రాసుకున్నట్టే. హైదరాబాదు నుంచి విజయవాడ పోయేలోగా కిలోమీటరుకు పైగా అడ్డంగా గీసుకుపోయిన లెక్క. టైరు ఎందుకు అరగదు మరి? కారు టైరు మీద గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని మన నిబంధన. లోపలి అంచు ఆ లోతు దాటిపోయినా బయటినుంచి చూస్తే టైరు బాగానే కనిపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వంగి లోపలి అంచు చూడండి. ముఖ్యంగా ప్రయాణానికి ముందు.

ఇప్పుడు వదులు ఎలా పట్టాలో చెబుతాను. మెకానిక్ దగ్గర నిలబడి చూడవలసిన పని ఇదే. ఈ పరీక్ష ఇద్దరు కలిసి చేయాలి. కారు నేల మీదే ఉండాలి, చక్రాల మీద బరువుండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ఎదురు దిమ్మలు పెడతారు. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అంగుళమో రెండంగుళాలో అటూ ఇటూ కదుపుతుంటారు. రెండోవారు పక్కనుంచి చేయి పెట్టి టై రాడ్ ఎండ్ కీలు మీద వేలు ఆనిస్తారు. కీలు బాగుంటే కదలికంతా ఒక్క ముక్కగా చక్రానికి పోతుంది. వదులుంటే రాడ్ ముందు కదులుతుంది, చక్రం ఓ క్షణం ఆగి కదులుతుంది. ఆ మధ్యలో చిన్న టిక్కుమనడం వేలికి తగులుతుంది. కంటికి కనిపించనంత వదులు కూడా వేలు పట్టేస్తుంది.

తర్వాత చక్రం పైకెత్తి, రెండు పక్కలా పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు. కదిలితే టై రాడ్ ఎండో, దాని లోపల ఉండే ర్యాక్ ఎండో. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు కదిలితే వీల్ బేరింగో, బాల్ జాయింటో. ఈ రెంటిలో ఏదో తేల్చాలంటే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు ఊపు ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింది కీలు. బాల్ జాయింట్ వదులుగా ఉందని తేలితే, వచ్చే నెల చూద్దామని వాయిదా వేయకండి. అది ఊడితే చక్రం బయటికి పడిపోయి కారు రోడ్డు మీద కూలబడుతుంది. ఇక షాక్ అబ్జార్బర్‌కు, కారు మూలను గట్టిగా నొక్కి వదలడం పాత పరీక్ష. మళ్ళీ మళ్ళీ ఊగితే అది పోయినట్టే. ఊగకపోయినా బాగున్నట్టు హామీ లేదు. ఒంటి మీద ఆయిలు కారిన చార ఉందా, టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడి అరిగిందా అని కూడా చూడాలి.

రిపేరు దగ్గరికి వద్దాం. జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు పెట్టడం అంతకంటే ప్రమాదం, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్ల మీదికి దింపాకే పని మొదలుపెట్టాలి. టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు మంచి మెకానిక్ పాతది విప్పే ముందు అది ఎన్ని మరలు లోపలికి ఉందో లెక్కపెట్టుకుంటాడు, లేదా గుర్తు పెట్టుకుంటాడు. కొత్తది అంతే లోపలికి ఎక్కిస్తాడు. అలైన్‌మెంట్ సెంటరుకు నడుపుకుంటూ పోవడానికి అది చాలు. కీలును పుల్లరుతో ఊడదీస్తాడు. తీసిన స్ప్లిట్ పిన్ను మళ్ళీ వాడడు, కొత్తది వేస్తాడు. లోపల నైలాను పట్టీ ఉన్న నట్టయితే అదీ కొత్తదే.

బుష్ మార్చడంలో ఎక్కువమంది పట్టించుకోని మర్మం ఒకటుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు ఆ రబ్బరే మెలిపడి, మళ్ళీ సర్దుకుంటుంది. కారు పైకెత్తి, చక్రం కిందికి వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేశారనుకోండి. రబ్బరు ఆ వేలాడే స్థితిని తన అసలు స్థితిగా తీసుకుంటుంది. కారు నేలకు దించగానే అది మెలిపడిపోతుంది, నిలబడి ఉన్నా మెలిపడే ఉంటుంది. కొత్త బుష్ కొద్ది కాలానికే చినుగుతుంది. "కంపెనీ సామానే వేశాం, అయినా పోయింది" అన్న మాట మీరు వినే ఉంటారు. సామాను తప్పు కాదది, బిగింపు తప్పు. ముందు బోల్టు చేత్తో ఆనించి, కారు బరువు చక్రాల మీదికి వచ్చాక చివరి బిగింపు బిగించాలి. అదీ టార్క్ రెంచితో.

స్ట్రట్ విషయంలో ఒక గట్టి హెచ్చరిక. స్ట్రట్ పైన నడిమధ్య ఉండే నట్టును, స్ప్రింగును కంప్రెసరుతో నొక్కి పట్టకుండా ఎప్పుడూ విప్పకూడదు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. షాక్ అబ్జార్బర్లు ఒకవైపే పోయినా ముందువి రెండూ, లేదా వెనకవి రెండూ జతగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకులోనూ మలుపులోనూ రెండు పక్కలా బండి తేడాగా ఉంటుంది. వంగిన ఆర్మును మంట పెట్టి సాగదీయించడం, పగిలిన చోట వెల్డింగ్ కొట్టించడం, పాత సామాను దుకాణంలో టై రాడ్ ఎండ్‌లు కొనడం, ఈ మూడూ వద్దు. విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో ఇంజనుకు పాత సామాను దొరికితే వాడుకోవచ్చునేమో గానీ, చక్రాన్ని పట్టుకునే కీలుకు పాత సామాను పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక, ఇప్పుడు అలైన్‌మెంట్. పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం టో. ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగి ఉండటం కాంబర్. పక్కనుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం కాస్టర్. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు సర్దగలిగేది టో ఒక్కటే, టై రాడ్‌ను తిప్పి సర్దుతారు. కాంబర్ ఒక పక్క బాగా తప్పిందంటే, ఏదో వంగిందని మిషను చెబుతున్నట్టు. ఆ పక్క స్ట్రట్టో, ఆర్మో, నకిలో ఏది వంగిందో వెతకాలి. "కొంచెం తేడా ఉంది గానీ టో సరిచేశాను, పర్లేదు" అంటే ఒప్పుకోకండి. పని ముందూ తర్వాతా అంకెలు రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ తిన్నగా ఉంటేనే పని పూర్తయినట్టు.

బండి నడిపే అలవాట్ల గురించి రెండు మాటలు. గుంత ఎదురైతే ముందే వేగం తగ్గించుకోండి. గుంతలో పడే క్షణంలో మాత్రం బ్రేకు వదిలేయండి. బ్రేకు వేసి ఉంటే కారు ముక్కు కిందికి వంగి, సస్పెన్షన్ అప్పటికే కొంత నొక్కుకుని ఉంటుంది. ఆపైన గుంత దెబ్బ తగిలితే మిగిలిన దూరం చాలదు. స్పీడ్ బ్రేకర్ల గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం చూడండి: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, దాటే వేగం గంటకు 25 కిలోమీటర్లు. చిన్న కారు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం కంటే ఆ వెడల్పే ఎక్కువ, కనుక కారు మొత్తం దాని మీదికి మెల్లగా ఎక్కి దిగుతుంది. మన కాలనీల్లో రాత్రికి రాత్రి పోసుకునే అడుగు వెడల్పు గట్లకూ దీనికీ పోలికే లేదు. అలాంటి గట్టు ఎదురైతే దాదాపు ఆపి, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేట్టు దాటండి. ఒక పక్క తప్పించబోతే దెబ్బంతా రెండో పక్క కీళ్ళ మీద పడుతుంది.

ఇంకో అలవాటు మానుకోవాలి. సర్వీసింగ్ అయ్యాక కారు అడుగున డీజిలో, పాత ఇంజనాయిలో స్ప్రే కొట్టిస్తే తుప్పు పట్టదని కొందరి నమ్మకం. ఇనుము సంగతి ఎలా ఉన్నా, ఆ నూనెలు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మనం కాపాడుకోవలసిన బుష్‌లనూ బూట్లనూ మనమే డబ్బిచ్చి పాడుచేయించుకున్నట్టవుతుంది. అడుగున మట్టి పోయేట్టు మామూలు నీళ్ళతో కడిగించండి, చాలు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఇది మరీ అవసరం.

చివరగా గ్యారేజీలో ఏం మాట్లాడాలో చెప్పి ముగిస్తాను. "అలైన్‌మెంట్ చెయ్యి" అనో, "షాక్ అబ్జార్బర్లు మార్చు" అనో మందు మనమే రాసివ్వకూడదు. చప్పుడు ఏ పక్క, ఏ వేగంలో, గతుకులోనా, మలుపులోనా, బ్రేకు వేసినప్పుడా అన్నది చెప్పండి. వీలైతే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద నడిపి వినిపించండి. "ఎక్కడ వదులుందో నాకూ చూపించు బాబూ" అని అడగండి. పని తెలిసినవాడు విసుక్కోడు. మీ చేయి తీసుకెళ్ళి ఆ కీలు మీద పెడతాడు. చూపించలేకపోతే ఆ భాగం అప్పుడే కొనకండి. మార్చాక పాత భాగం అడిగి చూడండి. వదులు పోయిందని మీ వేలికి తెలిశాకే అలైన్‌మెంట్ మిషను ఎక్కించండి. ఈ వరస పాటిస్తే ఒకసారి పెట్టిన ఖర్చు రెండోసారి పెట్టక్కర్లేదు, టైర్లు వాటి పూర్తి కాలం నడుస్తాయి, స్టీరింగ్ మీ మాట వింటుంది.